పైకప్పు ఉన్న అమెరికన్ కారును కన్వర్టిబుల్‌గా ఎలా మార్చేవారు?

అమెరికన్ కంపెనీలు కన్వర్టిబుల్‌లు (పైకప్పు మడిచి తెరవగల కార్లు) మానేశాక, బయటి సంస్థలు మామూలు కార్ల పైకప్పు కోసి తయారుచేసినవి దృఢంగా ఉండేవా అన్నది ప్రశ్న.

అమ్మకాలు పడిపోవడం, కారు బోల్తాపడితే ప్రయాణికుల రక్షణపై కఠిన నిబంధనలు వస్తాయన్న భయం కలిసి ఆ తరహా కార్లను మూలన పడేశాయి. 1976 క్యాడిలాక్ ఎల్డరాడోను చివరి అమెరికన్ కన్వర్టిబుల్‌గా ప్రచారం చేశారు. కొనేవారు మాత్రం మిగిలే ఉన్నారు కనుక, సిన్సినాటిలోని హెస్ అండ్ ఐసెన్‌హార్ట్ వంటి బాడీ నిర్మాణ సంస్థలు క్యాడిలాక్ కూపేలను (రెండు తలుపులు, కదలని పైకప్పు ఉన్న కార్లను) మార్చి అమ్మాయి.

పైకప్పు కోయడం సులువే; అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. బాడీ మెలితిరగకుండా పట్టి ఉంచేది చాలావరకు పైకప్పే కాబట్టి, అది పోయినప్పుడు తలుపుల కింది అంచుల్లోనూ వెనుక సీటు వెనకా ఉక్కు పట్టీలు వెల్డ్ చేసి, ముందు అద్దం ఫ్రేమును బలపరచాలి. మడిచిన గుడ్డ కప్పుకూ దాని యంత్రాంగానికీ చోటు కావాలి కనుక వెనుక సీటు ఇరుకవుతుంది.

1982 బ్యూయిక్ రివియెరా న్యూజెర్సీలోని లిండెన్‌లో కూపేగా తయారై, మిషిగన్‌లోని లాన్సింగ్‌లో అమెరికన్ సన్‌రూఫ్ సంస్థ చేతిలో కన్వర్టిబుల్‌గా మారి, బ్యూయిక్ డీలర్ల వద్దకే చేరేది. నా దృష్టిలో ఇలా కంపెనీ అండతో మారినవే నమ్మదగినవి. పాతది కొనేవారు ఒక పక్క జాకీతో లేపి తలుపు తెరిచి వేసి చూడాలి. అది పట్టేస్తే బాడీ వంగుతోందని అనుమానించాలి.