రెండుసార్లు మెనింజైటిస్... చెవి చూపించారా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. బాబుకు ఐదేళ్లు. ఏడాదిన్నరలో రెండుసార్లు మెనింజైటిస్ వచ్చి ఆస్పత్రిలో ఉన్నాం. కుడి చెవి పుట్టుకతోనే వినపడదు. వంగినప్పుడు కుడి ముక్కులోంచి నీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. జలుబు మందు ఎంత వాడినా తగ్గట్లేదు. మూడోసారి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముక్కు కారుతోందని ముక్కుకే మందు వాడుతున్నారు. నా అనుమానం మాత్రం ఆ వినపడని చెవి మీద.

కొందరు పిల్లల్లో లోపలి చెవి తల్లి కడుపులోనే సరిగా తయారు కాదు. నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరగాల్సిన కాక్లియా ఒకటిన్నర చుట్టు దగ్గరే ఆగిపోతుంది. 1791లో ఇటలీ వైద్యుడు కార్లో మొండిని దీన్ని వివరించాడు, అందుకే ఆయన పేరుతో పిలుస్తాం. ఇలాంటి చెవిలో మెదడు చుట్టూ ఉండే నీరు లోపలి చెవిలోకి, అక్కడ స్టేపిస్ అనే బుల్లి ఎముక దగ్గరి సందులోంచి మధ్య చెవిలోకి దిగొచ్చు. కర్ణభేరి అడ్డుంటుంది కాబట్టి బయటికి రాదు, మధ్య చెవిని ముక్కు వెనక భాగంతో కలిపే గొట్టం గుండా ముక్కులోకి జారుతుంది. నీరు దిగిన దారినే క్రిములు పైకి ఎక్కి మెదడు పొరలకు సోకుతాయి, అదే మెనింజైటిస్. అరుదైన సమస్యే గానీ మీ బాబు లక్షణాలు అటే చూపిస్తున్నాయి.

ఆ నీటిని ఉతికిన దస్తీ మీద పడనిచ్చి ఆరబెట్టండి. చీమిడైతే గంజి పెట్టినట్టు బిరుసెక్కుతుంది, మెదడు నీరైతే గుడ్డ మెత్తగానే ఉంటుంది. ఇది ఇంటి గుర్తే, దీన్నే నమ్ముకోవద్దు. చిన్న సీసాలో పట్టిన నీటికి చేసే బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ పరీక్షతో సంగతి తేలుతుంది.

ఈ వారంలోనే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి ఈఎన్‌టీ విభాగంలో చూపించండి. రెండు చెవులకూ వినికిడి చూసే బెరా పరీక్ష, చెవి ఎముకకు సన్నని ముక్కలుగా తీసే సీటీ, ఎంఆర్ఐ అవసరమవుతాయి. పాత తల సీటీలో 'నార్మల్' అని రాసి ఉన్నా పట్టించుకోకండి, మామూలు స్కాన్‌లో ఇది తప్పిపోతుంటుంది. పాత ఫైళ్లన్నీ వెంట తీసుకెళ్లండి.

లీకు తేలితే ఆపరేషనే మందు. చెవిలోంచి వెళ్లి, బాబు ఒంట్లోదే కాస్త కండ, పొర తీసి ఆ దారిని గట్టిగా పూడుస్తారు. ఇది అనుభవమున్న చోటే చేయించాలి, హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రికి రాసివ్వమని అడగండి. పోయిన వినికిడి దీంతో తిరిగి రాదు. మెనింజైటిస్ తెచ్చే ఒక క్రిమిని అడ్డుకునే న్యుమోకాకల్ టీకాలు పూర్తయ్యాయో లేదో పిల్లల డాక్టరును అడగండి, అయితే టీకా వేశాం కదా అని ఆపరేషన్ వాయిదా వేయొద్దు.

అప్పటిదాకా గట్టిగా ముక్కు చీదనివ్వకండి. వెల్లుల్లి నూనె, చుక్కల మందు ఏదీ చెవిలో పోయకండి. జ్వరంతో తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం, మత్తు కనిపిస్తే అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి తీసుకెళ్లి, 'ఇంతకుముందు రెండుసార్లు మెనింజైటిస్ వచ్చింది' అనే మాటే ముందు చెప్పండి.