ఐటీఐ సీట్లను జిల్లా జనాభాతో భాగిస్తే చాలదండీ
తెలంగాణలో ఐటీఐ సీట్లను జిల్లా జనాభాతో భాగించి జిల్లాలకు ర్యాంకులు ఇచ్చాను, సరిపోతుందా అని అడిగారు కదా. సరిపోదు. ముందు మీ జనాభా లెక్కే తేడా, ఎందుకంటే 2011 జనగణన నాటికి ఇక్కడున్నవి 10 జిల్లాలు, ఇప్పుడు 33, పైగా మండలాలు కూడా విడిపోయాయి కాబట్టి గ్రామాల పట్టికల నుంచే కలుపుకుంటూ రావాలి. ఖమ్మం నుంచి 2014లో ఆంధ్రలో కలిసిన పోలవరం ముంపు మండలాలను తీసేయడం మర్చిపోకండి. కాస్త విసుగు పనే, తప్పదు. భాగించేది కూడా మొత్తం జనాభాతో కాదు, ఐటీఐలో చేరే వయసు పిల్లలతో.

అసలు చిక్కు దూరం దగ్గర ఉంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకి ఒకే సగటు వేస్తే కొత్తగూడెం టౌన్‌లో పిల్లాడూ, అటు దూరాన చర్ల మండలంలో అమ్మాయీ సమానం అయిపోతారు! బస్సుందా, హాస్టల్ ఉందా, ముఖ్యంగా ఆడపిల్లలకి, అది చూడండి. ట్రేడ్, అంటే నేర్పే పని, దాన్నిబట్టి కూడా సీట్లు విడగొట్టాలి: ఎలక్ట్రీషియన్‌కి పది పాసవ్వాలి, వెల్డర్‌కి ఎనిమిది చాలు. మంజూరైన సీట్లు కాకుండా నిండినవి ఎన్నో విడిగా పెట్టుకోండి. ర్యాంకుల కంటే మండలాల మ్యాపే నయం అని నా అభిప్రాయం.