‘మీద’ అన్న చోటల్లా ‘ఆన్’ కుదరదు

సందేహం: మా పాప ఏడో తరగతి, ఇంగ్లీషు మీడియం. ‘నాకు తమ్ముని మీద కోపం వచ్చింది’ అన్న వాక్యాన్ని ‘ఐ గాట్ యాంగ్రీ ఆన్ మై బ్రదర్’ అని రాస్తే మార్కు పోయింది. బట్టీ పట్టమని వాళ్ళకిచ్చిన పట్టికలో ‘ఆన్ – మీద, ఇన్ – లో, ఫ్రమ్ – నుండి, విత్ – తో, ఫర్ – కొరకు, ఆఫ్ – యొక్క’ అనే ఉంది. దాని ప్రకారమే రాసింది కదా, తప్పెట్లయింది? ఇదే పాప తెలుగులో రాసిన సెలవు చీటీలో ‘నేను జ్వరం నుండి బాధపడుతున్నందున రెండు రోజుల కొరకు సెలవు ఇవ్వగలరు’ అని ఉంది. చదివితే ఎక్కడో రాయి తగిలినట్టుంది కానీ తప్పేమిటో చెప్పలేకపోయాను. అసలు ప్రిపొజిషన్లంటే మన విభక్తులేనా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: అమ్మా, పాప రాసిన ఇంగ్లీషు వాక్యం తప్పే. మార్కు తీసేసినవారిని ఏమీ అనలేం. ఆ పట్టికను మాత్రం పక్కన పెట్టించండి. రెండు భాషల మాటలను తక్కెడలో చెరో వైపు వేసి సరితూచినట్టు రాసిన పట్టిక అది. చెట్టుకు ట్రీ, నీళ్ళకు వాటర్ అన్నప్పుడు ఆ తూకం చాలావరకు నిలుస్తుంది. ఒక మాటకూ ఇంకో మాటకూ ఉన్న సంబంధాన్ని చెప్పే చిన్న మాటల దగ్గరికి వచ్చేసరికి ముల్లు ఒరిగిపోతుంది.

కోపం సంగతే చూడండి. తెలుగులో కోపం ఒకరికి వస్తుంది, ఇంకొకరి మీద వస్తుంది. మనసులో పుట్టి ఎదుటి మనిషి దాకా పోయే భావాలు చాలావాటికి మనం ఇదే దారి వేశాం: బిడ్డ మీద ప్రేమ, దేవుని మీద నమ్మకం, పనివాని మీద అనుమానం, ముసలామె మీద జాలి. అన్నిటికీ ఒకే ‘మీద’. ఇంగ్లీషు ఒక్కోదానికి ఒక్కో మాట చూసుకుంది. మనిషి మీద కోపానికి విత్ గానీ ఎట్ గానీ, ప్రేమకు ఫర్, నమ్మకానికి ఇన్, అనుమానానికి ఆఫ్. జాలికి ఫర్ అంటారు గానీ, ‘టేక్ పిటీ’ అన్నప్పుడు మాత్రం వాళ్ళూ మన ‘మీద’ దగ్గరికే వచ్చి ఆన్ అంటారు. మరి భయమో? ‘పాము మీద భయం’ అని మనమే అనం. పామంటే భయం, పాముకు భయపడతాం. ఇంగ్లీషుకు అక్కడ ఆఫ్ కావాలి.

ఇంతకూ ఏ చిన్న మాట రావాలో తేల్చేది పక్కనున్న కోపం, భయం, అడగడం, చెప్పడం లాంటి పెద్ద మాట. అమ్మను అడుగుతాం, అమ్మకు చెబుతాం, అమ్మతో కూడా చెబుతాం. ‘అమ్మతో అడిగాను’ అంటే చెవికి పొసగదు. ఇంగ్లీషులో ఆస్క్ తర్వాతా టెల్ తర్వాతా నేరుగా మనిషి పేరే వస్తుంది, సే తర్వాత టు పెట్టాలి. కాబట్టి పాప చేత ‘ఆన్ – మీద’ అని వల్లె వేయించే బదులు ‘యాంగ్రీ విత్’, ‘అఫ్రెయిడ్ ఆఫ్’ అని జంటను జంటగా పలికించండి. తెలుగు తనకు అట్లాగే వచ్చింది. కోపమూ మీదా విడివిడిగా ఎవరూ నేర్పలేదు.

పట్టికలో ‘కు’ లేనే లేదు, గమనించారా? మన రోజువారీ మాటల్లో అన్నిటికంటే ఎక్కువ బరువు మోసేది అదే. కర్నూలుకు పోతున్నాను అంటే టు. ఆరు గంటలకు లేస్తాను అంటే ఎట్. జ్వరానికి మందు అంటే ఫర్. మా ఊరు కడపకు చాలా దూరం అంటే ఫ్రమ్. గండికోట జమ్మలమడుగుకు పడమర అంటే ఆఫ్. ‘పది గంటల బస్సుకు వచ్చినా’ అని మన వైపు అంటాం చూడండి, అక్కడ బై. నాకు ఇద్దరు బిడ్డలు అంటే ఇంగ్లీషులో ప్రిపొజిషనే ఉండదు, హ్యావ్ అనే క్రియ వచ్చి కూర్చుంటుంది. ఒక్క ప్రత్యయానికి ఇన్ని జవాబులుంటే పట్టికలో ఏ గడిలో వేస్తారు?

ఇక మీ అసలు ప్రశ్న: ప్రిపొజిషన్లంటే మన విభక్తులేనా? పూర్తిగా కావు. మన బడి వ్యాకరణానికి ఆధారమైన చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. సంస్కృతంలోని ఏడు విభక్తుల వరసలోనే ఆయన తెలుగు ప్రత్యయాలను అమర్చాడు. అందుకే ‘లో’ మనం అనుకునే సప్తమిలో, అంటే చోటును చెప్పే ఏడో విభక్తిలో కాక, ‘యొక్క’ ఉండే ఆరోదైన షష్ఠిలో కనిపిస్తుంది. ‘ఆ పిల్లల్లో ఒకరు’ అని గుంపులోంచి ఒకరిని వేరుచేసి చెప్పేటప్పుడు సంస్కృతంలో షష్ఠి రావచ్చు, ఆ చోట తెలుగుకు ‘లో’ వస్తుంది. ఇంగ్లీషు ఇక్కడ సంస్కృతం పక్కన నిలబడి ‘వన్ ఆఫ్ ద చిల్డ్రన్’ అంటుంది.

మనం బడిలో వల్లించిన ఆ వరసలో మీద, కింద, ముందు, వెనక, దగ్గర లేవు. ఇవన్నీ నిజానికి చోటును చెప్పే నామవాచకాలు. నామవాచకాలు కాబట్టే వాటికి మళ్ళీ విభక్తి అంటుకుంటుంది: మీదికి, కిందినుంచి, ముందుకు, దగ్గరికి. మన సీమ మాటలో ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. అనంతపురం వైపు ‘బావి తావ ఉండాడు’ అంటారు. తావు అంటే చోటని తెలియనివాళ్ళు లేరు. ‘కాడ’ కూడా అట్లాంటిదే. ‘బస్టాండు కాడ ఉండా’ అంటే ఎట్, ‘వాని కాడ డబ్బుండాది’ అంటే విత్ గానీ హ్యాజ్ గానీ. ఈ మాటలను మోటువని దిద్దేవాళ్ళను చూస్తే నాకు బాధగా ఉంటుంది. తెలుగు తన్ను తాను ఎట్లా కట్టుకుందో చూపించే మాటలు అవి.

మీద, కింద నామవాచకాలు కావడం వల్ల మనకొక సౌకర్యం ఉంది. ‘పిల్లి బల్ల కింద పరిగెత్తింది’ అంటే అది పరిగెత్తిన చోటు బల్ల కింద. ‘బల్ల కిందికి పరిగెత్తింది’ అంటే బయటినుంచి వచ్చి దూరింది. ఇంగ్లీషులో ‘ద క్యాట్ ర్యాన్ అండర్ ద టేబుల్’ అంటే రెండర్థాలూ వస్తాయి, ఏ అర్థమో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. మన ‘కి’ ఒక్కటే ఆ పని తీర్చేసింది.

‘కింద’ అన్నాను గనక ఇంకో మాట. చెరువు కింద మడి అంటే నీళ్ళడుగున ఉన్న మడి అనుకునే రైతు ఎవరూ ఉండరు. ఆ చెరువు నీటితో పారేదని అర్థం. కె.సి. (కర్నూలు–కడప) కాలువ కింద వరి వేశారన్నా అంతే. బాకీ కింద జమ, కూలి కింద గింజలు అన్నప్పుడు ‘బదులుగా’ అనే అర్థం వచ్చింది. నీటిపారుదల కాగితాల్లో చెరువుల గురించి ఇంగ్లీషులో రాసేటప్పుడు కూడా అండర్ అనే వాడతారు.

ఈ చిన్న మాటలు తగిలితే ముందున్న పేరు రూపం మారడం మరో విశేషం. ఇల్లు ఇంటి అవుతుంది, చేయి చేతి అవుతుంది, ఊరు ఊరి అవుతుంది. వ్యాకరణంలో వీటిని ఔపవిభక్తికాలంటారు. మీకు దగ్గర్లోనే, ఎర్రగుంట్ల మండలం కలమళ్ళలో దొరికిన రేనాటి చోళుల శాసనం క్రీ.శ. 575 నాటిదంటారు. అందులో ‘చిఱుంబూరి’ అని ఉంది. ఊరు ఊరిగా మారడం అప్పటికే ఉందన్నమాట. ఇప్పటి పిల్లల నోట ‘ఇల్లు మీద’, ‘చేయిలో’ వింటున్నాను. ప్రిపొజిషన్ ముందు పెట్టి పేరును కదల్చకుండా ఉంచే ఇంగ్లీషు అలవాటు ఇందులో కొంత ఉందని నా అనుమానం. వినపడినప్పుడల్లా ‘ఇంటి మీద’, ‘చేతిలో’ అని మెల్లగా దిద్దండి.

ఉద్యోగం మీద 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ నిఘంటువు 1852లో అచ్చయింది. తెలుగు మాటకు ఇంగ్లీషు అర్థం ఒకటి రాసి ఊరుకోకుండా వాడుకను కూడా చూపించాడు. కడపలో ఆయన పేరిట ఉన్న భాషా పరిశోధన కేంద్రానికి పాపను ఒకసారి తీసుకొచ్చి ఆ పుస్తకాన్ని విప్పి చూపించండి.

ఇక సెలవు చీటీ. మీకు రాయి తగిలినట్టున్నది రెండుచోట్ల. ‘జ్వరం నుండి బాధపడు’ అన్నది ‘సఫరింగ్ ఫ్రమ్’ను మక్కికి మక్కి దించింది. తెలుగులో జ్వరంతో బాధపడతాం, జ్వరం నుంచి కోలుకుంటాం. రెండోది ‘రెండు రోజుల కొరకు’. ఇది ‘ఫర్ టూ డేస్’ నీడ. ‘కొరకు’ ప్రయోజనాన్ని చెబుతుంది, కాలం నిడివికి తెలుగులో ఏ ప్రత్యయమూ అక్కర్లేదు: నెల రోజులున్నాం, గంట చదివాను, లేదంటే గంటసేపు. ఇదే చిక్కు తిరగబడి ఇంగ్లీషులో ‘మూడేళ్ళ నుంచి చదువుతున్నాను’కు ‘సిన్స్ త్రీ ఇయర్స్’ అని రాయిస్తుంది. అక్కడ వాళ్ళకు ఫర్ కావాలి. సిన్స్ మొదలైన రోజుకో ఏడాదికో తగులుతుంది. పట్టికలో చివరనున్న ‘యొక్క’ను పాప దాదాపుగా మరిచిపోవచ్చు. నా పుస్తకం, మా ఊరు, సీత పెళ్ళి అంటే చాలు.

చీటీని ఇట్లా రాయించండి: ‘అయ్యా, నాకు నిన్నటినుంచి జ్వరంగా ఉంది. బడికి రాలేను. రెండు రోజులు సెలవు ఇప్పించండి.’