యాప్‌లో మ్యాప్, లైసెన్సులో మెలిక: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది కిరాణా సరుకుల డెలివరీ యాప్. కస్టమర్ అడ్రసును గూగుల్ జియోకోడింగ్‌కు (అడ్రసును అక్షాంశ రేఖాంశాలుగా మార్చే సేవకు) పంపి, వచ్చిన అక్షాంశ రేఖాంశాలను డేటాబేసులో దాచుకున్నాం. బిల్లు పెరిగిపోతోంది. తెర మీది మ్యాప్‌ను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కు (వాలంటీర్లు కలిసి తయారుచేసే మ్యాప్‌కు) మార్చి, పాత పాయింట్లనే దాని మీద చూపించవచ్చా? (విజయవాడ)

జవాబు: కోడ్ పరంగా అది ఒక పూట పని. లైసెన్సు దగ్గరే రెండు అడ్డంకులున్నాయి. గూగుల్ మ్యాప్స్ ప్లాట్‌ఫామ్ షరతుల ప్రకారం జియోకోడింగ్ ఇచ్చిన అక్షాంశ రేఖాంశాలను వరసగా 30 రోజులకు మించి దాచకూడదు. దాచిన ఆ కొద్ది రోజులైనా వాటిని గూగుల్‌ది కాని మ్యాప్ మీద చూపకూడదు. గడువు లేకుండా ఉంచుకోదగ్గది ప్లేస్ ఐడీ, అంటే ఒక్కో చోటుకు గూగుల్ ఇచ్చే గుర్తింపు కోడు. అది కూడా 12 నెలలు దాటితే మళ్లీ సరిచూసుకోవాలి. దుకాణం మూతపడినా, వేరే చోటికి మారినా పాత ఐడీ పనిచేయకపోవచ్చు.

కస్టమర్ స్వయంగా టైప్ చేసిన అడ్రసుకు ఈ షరతులు వర్తించవు. దాన్ని ఉంచుకుని, జియోకోడింగ్ నుంచి వచ్చిన కాలమ్‌లను ఖాళీ చేయండి. మరి పాయింట్లు ఎక్కణ్నుంచి తేవాలంటారా? మొదటి డెలివరీలో, గుమ్మం దగ్గర, కుర్రాడు ‘అందజేశాను’ నొక్కినప్పుడు ఫోన్ జీపీఎస్ రీడింగు తీసుకోండి. అది మీ సొంత డేటా, ఏ మ్యాపు మీదైనా చూపించుకోవచ్చు. రీడింగుతో పాటు ఫోన్ చెప్పే కచ్చితత్వం 20 మీటర్ల కంటే అధ్వానంగా ఉంటే దాచకండి. అపార్ట్‌మెంట్ లోపల, లిఫ్టు పక్కన జీపీఎస్ పక్క వీధికి జారిపోతుంది. అందుకే మూడు నాలుగు డెలివరీల రీడింగులు తీసుకుని మధ్యస్థ విలువను ఖాయం చేయాలి; సగటు తీస్తే ఒక్క తప్పుడు రీడింగు పాయింటును లాగేస్తుంది. ఇది కస్టమర్ వ్యక్తిగత సమాచారం కాబట్టి యాప్‌లో ముందే అనుమతి అడగండి.

నిజానికి మన అడ్రసులకు ఇదే మేలు. స్లాష్‌లూ అడ్డగీతలూ ఉన్న డోర్ నంబరును, ‘రామాలయం వెనక సందు’ను ఏ జియోకోడరూ గుమ్మం దాకా తీసుకెళ్లలేదు.

కుర్రాడికి దారి చూపడానికి మీ యాప్‌లో నావిగేషన్ కట్టక్కర్లేదు. మ్యాప్స్ యూఆర్‌ఎల్ పద్ధతిలో గమ్యం పాయింటు ఇచ్చి అతని ఫోన్‌లోని గూగుల్ మ్యాప్స్‌ను తెరిపించండి. దానికి ఏపీఐ కీ (గూగుల్ సేవలు వాడటానికి యాప్‌లో పెట్టే కోడు) అక్కర్లేదు, బిల్లూ రాదు.

ప్రశ్న: ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉచితమే కదా? ఫ్లట్టర్ అనే సాధనంతో చేసిన మా యాప్‌లో దాని టైల్స్ (మ్యాప్‌గా పేర్చే చదరపు ముక్కలు) కొన్నాళ్లు బాగానే వచ్చాయి. ఇప్పుడు 403 ఎర్రర్ (సర్వర్ నిరాకరణ) వస్తోంది. (హైదరాబాద్)

జవాబు: ఉచితం డేటా, సర్వర్లు కాదు. డేటా 2012 సెప్టెంబరు నుంచి ఓడీబీఎల్ అనే బహిరంగ డేటాబేసు లైసెన్సు కింద ఉంది, వ్యాపారానికి వాడుకోవచ్చు. టైల్స్ పంపే సర్వర్లు విరాళాలతో నడుస్తాయి, వాటికి విడిగా వాడకం విధానం ఉంది. యాప్ తన అసలు పేరును యూజర్ ఏజెంట్‌లో (సర్వర్‌కు పంపే పరిచయ వాక్యంలో) చెప్పాలి, టైల్స్‌ను కనీసం 7 రోజులు కాష్ చేయాలి (ఫోన్‌లోనే దాచి వాడుకోవాలి), ఆఫ్‌లైన్ కోసం జిల్లాలకు జిల్లాలు ముందే దించుకోకూడదు. ఫ్లట్టర్ మ్యాప్ ప్యాకేజీలో యూజర్‌ఏజెంట్‌ప్యాకేజ్‌నేమ్ ఖాళీగా వదిలేస్తే అందరి యాప్‌లూ ఒకే ముసుగులో వెళతాయి, సర్వర్ అడ్డుకుంటుంది. ముందు అది నింపి చూడండి. అడ్రసులు వెతికే నామినాటిమ్ పబ్లిక్ సర్వర్ ఇంకా కఠినం: సెకనుకు ఒక్క అభ్యర్థనే. అక్షరం అక్షరానికీ సూచనలు చూపే ఆటోకంప్లీట్‌కు దాన్ని వాడటం నిషేధం.

డబ్బు తీసుకునే యాప్ అయితే ఆ సర్వర్ల మీద ఆధారపడకపోవడమే మంచిది. హెచ్చరిక లేకుండా ఆపేసే హక్కు వాళ్లకుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాను ప్రాంతాలవారీగా ఇచ్చే జియోఫాబ్రిక్ సైటు నుంచి మన దక్షిణాది ఫైలు దించుకుని, ప్లానెటిలర్ అనే సాధనంతో వెక్టర్ టైల్స్ (బొమ్మలుగా కాక గీతల డేటాగా ఉండే ముక్కలు) చేసి, పీఎంటైల్స్ రూపంలో ఒకే ఫైలుగా మీ స్టోరేజీలో పెట్టండి, మ్యాప్ గీసే లైబ్రరీ మ్యాప్‌లిబ్రేతో చూపించండి. జూమ్ 14 వరకు చేస్తే చాలు, ఆపై జూములను మ్యాప్‌లిబ్రే ఆ టైల్స్‌నే సాగదీసి గీస్తుంది. ఒక చిక్కుంది: మ్యాప్‌లిబ్రేలో తెలుగు పేర్లకు వత్తులు, గుణింతాలు సరిగా అతకకపోవచ్చు. తెలుగు లేబుళ్లు తప్పనిసరై, అవి సరిగా రాకపోతే మాప్నిక్ అనే సాధనంతో సర్వర్‌లోనే బొమ్మ టైల్స్ తయారుచేయాలి.

మ్యాప్ మూలన ‘ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్స్’ అన్న క్రెడిట్, కాపీరైట్ పేజీకి లింకుతో కనబడాలి. ఎక్కడో ‘మా గురించి’ పేజీలో దాస్తే చెల్లదు. మీ కోడ్‌నూ, విడిగా ఉన్న కస్టమర్ల పట్టికనూ బయటపెట్టమని ఓడీబీఎల్ అడగదు. అయితే వాళ్ల రోడ్ల డేటానే దిద్ది, కొత్త సందులు కలిపి, దాన్ని యాప్ ద్వారా జనానికి అందిస్తే, ఆ దిద్దిన డేటాబేసును అడిగినవాళ్లకు అదే లైసెన్సు కింద ఇవ్వాలి. ఆ దిద్దుబాట్లేవో నేరుగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనే చేస్తే గొడవే లేదు.

చాలామంది మరిచేది సరిహద్దు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నేల మీద ఎవరి అదుపులో ఉందో దాని ప్రకారం గీస్తుంది, కాబట్టి జమ్మూకశ్మీర్ దగ్గర గీత వేరుగా ఉంటుంది. సర్వే ఆఫ్ ఇండియా మ్యాపులతో పొసగని భారత పటం ప్రచురిస్తే 1961 నాటి క్రిమినల్ లా సవరణ చట్టం సెక్షన్ 2 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. స్టైల్‌లో దేశ సరిహద్దు పొరను ఆపేసి, సర్వే ఆఫ్ ఇండియా గీతను పైన వేసుకోండి. డెలివరీ యాప్ అయితే జూమ్ అవుట్‌ను జిల్లా స్థాయి దగ్గరే ఆపేయడం తేలిక దారి. వెబ్‌సైటులో గూగుల్ మ్యాప్ వాడేవాళ్లు రీజియన్‌ను ఐఎన్ (ఇండియా)గా పెట్టుకోవాలి.

ప్రశ్న: గూగుల్ లోగో మా ‘ఆర్డర్ చేయి’ బటన్ కిందకి పోతోంది. పరవాలేదా? (వరంగల్)

జవాబు: లోగోను కప్పకూడదు. ఆండ్రాయిడ్‌లో సెట్‌ప్యాడింగ్‌తో అడుగున బటన్ ఎత్తుకు సరిపడా ఖాళీ ఇవ్వండి, లోగో పైకి జరుగుతుంది.

ప్రశ్న: టెస్టింగ్‌లో మ్యాప్ వచ్చింది. ప్లే స్టోర్ నుంచి దించితే బూడిదరంగు ఖాళీ. బిల్లు భయమూ ఉంది. (తిరుపతి)

జవాబు: ప్లే స్టోర్ మీ యాప్‌ను తన సంతకం కీతో మళ్లీ సంతకం చేస్తుంది, షా-1 (ఆ సంతకానికి వేలిముద్ర లాంటి కోడు) మారిపోతుంది, దాంతో మ్యాప్స్ ఏపీఐ కీ యాప్‌ను గుర్తించదు. ప్లే కన్సోల్‌లోని యాప్ సైనింగ్ పేజీలో కనిపించే షా-1ను కూడా ఏపీఐ కీ పరిమితుల్లో ప్యాకేజీ పేరుతో కలపండి. పరిమితులే తీసేసి పని కానిచ్చేవాళ్లున్నారు. ఏపీఐ కీని ఏపీకే (యాప్ ఫైలు)లోంచి బయటికి లాగడం తేలిక, వాడకం ఎవరిదైనా బిల్లు మీకే. బడ్జెట్ అలర్ట్ మెయిలు పంపుతుందే తప్ప వాడకాన్ని ఆపదు. ఆపేది ఒక్కో ఏపీఐకి మీరు పెట్టే రోజువారీ కోటా. నెలకు 200 డాలర్ల ఉచిత క్రెడిట్ 2025 మార్చి 1తో పోయింది. ఇప్పుడు ఒక్కో సేవకు విడిగా ఉచిత పరిమితి ఉంది. ఇండియా ధరల పట్టిక వేరు, లెక్క దాని ప్రకారమే వేసుకోండి.