చెక్క బీరువా కూడా స్త్రీధనమే, కానీ అడగాల్సింది అమ్మాయే

సందేహం: లాయర్ గారూ, మాది మల్కాజ్‌గిరి. జగిత్యాల దగ్గర మా పాత పెంకుటిల్లు విప్పితే మంచి టేకు దూలాలు, దర్వాజలు వచ్చాయి. 2021లో అమ్మాయి పెళ్లికి వాటితోనే నగల బీరువా చేయించాను. వడ్రంగి మా వరండాలోనే రెండు నెలలు పనిచేశాడు, మజూరీకే లక్షా నలభై వేలు ఇచ్చాను. ఇప్పుడు అమ్మాయి, అల్లుడు వేరుగా ఉంటున్నారు. అమ్మాయి ఉద్యోగం బెంగళూరులో. వియ్యంకులు బంగారం తిరిగిచ్చారు. బీరువా అడిగితే మాత్రం "అది ఇంటి సామాను, గోడకు బిగించాం" అంటున్నారు. దాని ఇత్తడి తాళంచెవి అమ్మాయి దగ్గరే ఉంది. నేను పోలీసు కేసు పెట్టవచ్చా? మా వాళ్లను వెంటబెట్టుకొని వెళ్లి తెచ్చుకోవచ్చా?

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న. దయచేసి అలా వెళ్లకండి. వస్తువు మీ అమ్మాయిదే అయినా, వాళ్ల ఇంట్లోకి బలవంతంగా వెళితే అక్రమ ప్రవేశం కేసు మీ మీద పడుతుంది. ఇప్పుడు న్యాయం మీవైపు ఉంది, దాన్ని ఒక్క సాయంత్రం కోపంతో పోగొట్టుకోవద్దు.

స్త్రీధనం అంటే బంగారమే అని చాలామంది అనుకుంటారు. హిందూ వారసత్వ చట్టం, 1956లోని 14వ సెక్షన్ ప్రకారం పెళ్లికి ముందుగానీ, పెళ్లిలోగానీ, తర్వాతగానీ ఆడపిల్లకు బహుమతిగా వచ్చిన ఆస్తి ఏదైనా, చరాస్తి అయినా స్థిరాస్తి అయినా, ఆమె సొంతం. బీరువా కూడా అంతే. నాలుగు స్క్రూలతో గోడకు బిగించినంత మాత్రాన యజమాని మారిపోరు. వియ్యంకులు దాన్ని అమ్మాయి తరఫున భద్రపరుస్తున్నవాళ్లు మాత్రమే. 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే: స్త్రీధనాన్ని తిరిగివ్వకపోతే అది నమ్మకద్రోహం నేరం అవుతుంది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కిందకు వస్తుంది, శిక్ష ఐదేళ్ల వరకు ఉండవచ్చు.

ఇక మీకు కష్టంగా అనిపించే మాట. కర్ర మీది, మజూరీ మీరిచ్చారు, అయినా కేసు పెట్టే హక్కు మీది కాదు. 2024 ఆగస్టులో మన తెలంగాణ నుంచే వెళ్లిన ములకల మల్లేశ్వరరావు కేసులో సుప్రీంకోర్టు, కూతురి స్త్రీధనం మీద పూర్తి హక్కు కూతురిదేనని, ఆమె అధికారం ఇవ్వకుండా తండ్రి ఫిర్యాదు చేయడం చెల్లదని చెప్పి, ఆ తండ్రి పెట్టిన కేసును కొట్టేసింది. తండ్రిగా మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ బీరువాను మీరు ఆమెకు ఇచ్చేశారు. ఫిర్యాదు మీద సంతకం ఆమెదే ఉండాలి. కోర్టు పనులకు మీరు తిరగాలంటే ఆమెతో పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకోండి. అంతకంటే ముందు, తనకు ఆ బీరువా కావాలో వద్దో ఆమెనే అడగండి.

కావాలంటే, ముందు ఆమె పేరుతో లాయర్ నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. పదిహేను రోజుల గడువు చాలు. నోటీసులో ఊరికే "ఒక బీరువా" అని రాయకండి. ఎత్తు, వెడల్పు, ఎన్ని సొరుగులు, లోపల మఖమల్ ఏ రంగు, దూలం పాత మేకు రంధ్రం ఏ పలక మీద కనిపిస్తుంది, అన్నీ రాయాలి. మీ వడ్రంగిని కలిస్తే ఇవన్నీ మీకంటే బాగా చెబుతాడు, తన చేతి పనిని రేపు కోర్టులోనూ గుర్తుపట్టగలడు. ఆయనకు పంపిన డబ్బు లెక్కలు, పని జరుగుతున్నప్పటి ఫొటోలు, పెళ్లి వీడియో తీసి పెట్టుకోండి. ఫొటోలున్న ఫోన్‌ను అమ్మేయకండి, వాటిని సాక్ష్యంగా పెట్టేటప్పుడు అవి ఏ ఫోన్‌లోవో, ఎలా తీసి ఇచ్చారో చెప్పే సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి. తాళంచెవి సంగతి చాలా ముఖ్యం. బీరువా ఆమె చేతుల్లో ఉండేదని చెప్పే చిన్న ఇత్తడి సాక్ష్యం అది. పెద్దమనుషులు అడిగినా రాతపూర్వక రసీదు లేకుండా ఎవరికీ ఇవ్వొద్దు.

అప్పటికీ ఇవ్వకపోతే, నా సలహా పోలీస్ స్టేషన్ కంటే గృహహింస చట్టం, 2005. స్త్రీధనాన్ని అట్టిపెట్టుకోవడాన్ని ఆ చట్టం ఆర్థిక హింసగా చూస్తుంది. 19(8) సెక్షన్ కింద మెజిస్ట్రేట్ దాన్ని తిరిగివ్వమని ఆదేశించవచ్చు. తాను ఉంటున్న చోటే పిటిషన్ వేసే వీలుంది కాబట్టి అమ్మాయి బెంగళూరులోనే వేయవచ్చు. అరవై రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉంది, ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుందని మనసులో పెట్టుకోండి. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది, ఫోన్ నంబరు 15100.

"ఖరీదు కట్టిస్తాం, తీసుకోండి" అని వాళ్లు రాజీకి రావచ్చు. ఒప్పుకోవాలా వద్దా అనేది అమ్మాయి ఇష్టం. కానీ డబ్బే తీసుకోవాలని చట్టం బలవంతం చేయదు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 1963లోని 8వ సెక్షన్ ప్రకారం డబ్బుతో పూడని నష్టమైతే ఆ వస్తువునే తెప్పించమని సివిల్ దావాలో కోరవచ్చు. ముషీరాబాద్ టింబర్ డిపోల్లో టేకు ఎంతైనా దొరుకుతుంది, మీ తాతల ఇంటి దర్వాజ దొరకదు కదా. దావాలో ఆ మాట తప్పకుండా రాయించండి.

బీరువా చేతికొచ్చే రోజున మాత్రం అమ్మాయి స్వయంగా రావాలి. ఇరువైపుల వాళ్ల ముందు తన తాళంచెవితో తెరిచి, ఒక్కో సొరుగు చూసుకొని, లోపల ఉన్నవి జాబితా రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టమనండి.