మోడల్ విమానం ముక్కు పైకెత్తగానే 15 సైజు (0.15 ఘనపు అంగుళాల) గ్లో ఇంజను ఆగిపోతోందా?

ఇది లీన్ మిశ్రమమే (గాలికి తగినంత ఇంధనం అందడం లేదు), ప్లగ్గు మార్చకండి. ముక్కు లేస్తే ట్యాంకు కార్బురేటర్ కన్నా కిందికి పోతుంది, ఇంధనం ఎక్కడం తగ్గుతుంది.

1. ఇంజను వేడెక్కాక ఫుల్ త్రాటిల్‌లో నీడిల్ (ఇంధనాన్ని తగ్గించే, పెంచే మర) మూస్తూ గరిష్ఠ వేగం పట్టండి.
2. అక్కడి నుంచి 2, 3 క్లిక్కులు తెరవండి.
3. చాలామంది వదిలేసేది ఇదే: ప్రొపెల్లర్ వెనక నుంచి మోడల్‌ని గట్టిగా పట్టుకుని, ముక్కు నిటారుగా ఎత్తి 10 సెకన్లు ఉంచండి. వేగం కాస్త పెరిగి నిలబడాలి. కుంగితే ఇంకో క్లిక్కు తెరిచి మళ్ళీ ఎత్తండి. కుంగడం ఆగేదాకా ఎగరేయొద్దు, పిస్టన్ పాడవుతుంది.

తిరుపతి మధ్యాహ్నపు ఎండలో కుదిర్చిన నీడిల్ మర్నాడు ఉదయం లీనవుతుంది, చల్లగాలి చిక్కన కదా. ప్రతి పూటా 3వది చేయండి.

అయినా ఆగితే క్లంక్ ట్యూబులో (ట్యాంకు లోపల ఇంధనం పీల్చే గొట్టం) చిల్లు, మఫ్లర్ ప్రెషర్ ట్యూబులో (మఫ్లర్ నుంచి ట్యాంకుకి ఒత్తిడి పంపే గొట్టం) పగులు చూడండి.