ఆరు సెకన్లా, మూడు సెకన్లా

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లు చూశాను. ఈబే ఆన్‌లైన్ వేలంలో ఆ పార్కర్ 51 ఫౌంటెన్ పెన్ను చేజారిందని, స్నైపింగ్ సర్వీసు (వేలం ముగిసే ఆఖరి సెకన్లలో మన తరఫున బిడ్డు వేసిపెట్టే సైటు) నీ బిడ్డును మూడు సెకన్ల ముందు కాకుండా ఆరు సెకన్ల ముందే వేసెయ్యడం వల్లే ఇలా జరిగిందని అంటున్నావు. వాళ్లకి ఘాటుగా మెయిల్ రాస్తావట. వద్దురా. మూడు సెకన్ల ముందు వేసినా ఆ పెన్ను నీది అయ్యేది కాదు.

వేలం 61 డాలర్ల దగ్గర ముగిసింది. నీ గరిష్ఠం 60. "ఇంకో రెండు డాలర్లు పెట్టుంటే వచ్చేసేది మామయ్యా" అని రాశావు. ఆ 61 గెలిచినవాడి హద్దు అనుకుంటున్నావు, అది నీ హద్దు మీద ఒక డాలరు మాత్రమే. ఈబేలో ధర 25 డాలర్లు దాటాక 100 లోపు ఒక్కో డాలరు చొప్పున పెరుగుతుంది. బిడ్ల చరిత్ర మళ్లీ తెరిచి చూడు, అతను బిడ్డు వేసింది మూడు రోజుల కిందట. లోపల 72 రాశాడో 150 రాశాడో ఈబే ఎవరికీ చూపించదు. అతని తరఫున కంప్యూటరే, అవసరమైనంత వరకే పాట పెంచుకుంటూ పోతుంది. నీ 60 పడగానే అది 61 అంది. ఆ వేళకి ఆ మనిషి హాయిగా నిద్రపోతూ ఉండొచ్చు కూడా.

స్నైపింగ్ వాడేవాళ్లలో చాలామందికి ఉన్న భ్రమే ఇది: ఆఖరున పాడినవాడిదే సరుకు అని. ఈబేలో సరుకు ఎక్కువ రాసినవాడిది. ఇద్దరూ సమానంగా రాస్తే ముందు వేసినవాడిది. అంటే అలాంటప్పుడు గడువుకి రెండు సెకన్ల ముందు వేసినవాడి కన్నా ఆరు సెకన్ల ముందు వేసినవాడిదే పైచేయి. అందుకే నేను రౌండ్ ఫిగర్‌గా 60 అని ఎప్పుడూ రాయను, 61.37 లాంటిది రాస్తాను. అవతలివాడు సరిగ్గా 61 దగ్గర ఆగి ఉంటే ఆ 37 సెంట్లే పెన్ను తెచ్చిపెడతాయి.

మరి స్నైపింగ్ దేనికి అంటావా? బాలాపూర్ లడ్డూ పాట చూశావుగా. 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ పాటకి గడియారం లేదు. మూడోసారి అనేలోపు ఎవరో ఒకరు గొంతెత్తితే మళ్లీ మొదటికొస్తుంది. అక్కడ ఆఖరు క్షణం దాకా నోరు మూసుక్కూర్చుని లాభం లేదు. ఈబేలో గడువు గడువే, ఆ సెకను దాటితే తలుపు మూసినట్టే. ఒకప్పుడు అమెజాన్ కూడా వేలాలు నడిపింది. అందులో చివరి పది నిమిషాల్లో బిడ్డు పడితే గడువు ఇంకా జరిగేది. ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఒకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు ఈ రెండింటినీ పోల్చి చూస్తే, ఆఖరి నిమిషపు బిడ్లు ఈబేలోనే బాగా ఎక్కువ కనిపించాయి. బ్యాంకులు జప్తు చేసిన ఆస్తులకి మన దగ్గర పెట్టే ఈ-వేలాల్లోనూ మామూలుగా గడువు పొడిగిస్తారు, అక్కడ ఈ విద్య పనికిరాదు.

ఈబేలో ఆలస్యంగా వేస్తే నీకొచ్చే లాభం ఒక్కటే. డాలరు డాలరు చొప్పున ఎగదోసే రకం మనుషులుంటారు చూడు, నీ బిడ్డు చూసి పట్టుదలకి పోయేవాళ్లు, వాళ్లకి బదులిచ్చే సమయం దొరకదు. ముందే తన గరిష్ఠం రాసి పెట్టుకున్నవాడి మీద మాత్రం ఏ సెకనూ పనిచెయ్యదు. నీకు తగిలింది అలాంటివాడే.

నేనైతే ఆరేడు సెకన్ల దగ్గరే ఉంచుతాను. బిడ్డు సర్వీసు కంప్యూటర్ నుంచి ఈబేకి చేరాలి, ఈబే దాన్ని తీసుకోవాలి. ఆదివారం సాయంత్రం అమెరికాలో వేలాలు గుట్టగా ముగిసే వేళ అది కొంచెం తడబడినా రెండు సెకన్లు ఎగిరిపోతాయి. నీ ఫోన్లో కనిపించే కౌంట్‌డౌన్‌ని పట్టుకుని వాళ్లతో వాదించకు, లెక్కలోకి వచ్చేది ఈబే గడియారమే. అది పసిఫిక్ సమయం. రాజమండ్రికి దానికి ఎండాకాలంలో 12 గంటల 30 నిమిషాలు, చలికాలంలో 13 గంటల 30 నిమిషాలు తేడా.

కిందటి నెల "బిడ్డు అసలు వెయ్యనే లేదు" అన్నావు కదా, ఆ సంగతి కూడా చూశాను. వేయాల్సిన క్షణానికే ధర నీ అంకె దాటిపోయింది. ఇక వేసినా ఈబే తీసుకోదు. అది వాళ్ల తప్పు కాదు. పాస్‌వర్డ్ మార్చి సర్వీసులో మార్చకపోతే మాత్రం పూర్తిగా నీ తప్పే. అన్నట్టు ఈబే పాస్‌వర్డ్ వాళ్ల చేతిలో పెడుతున్నావు, దాన్ని ఇంకెక్కడా వాడకు.

"ఇప్పుడే కొనండి" బటన్ కూడా ఉన్న వేలమైతే చివరిదాకా కాచుకోకు. చాలా వరకు మొదటి బిడ్డు పడగానే ఆ బటన్ పోతుంది. కనీస ధరకి ఒక బిడ్డు ముందే పడేస్తే ఎవడో వచ్చి ఒక్క నొక్కుతో ఎగరేసుకుపోయే బెడద తప్పుతుంది. ఒకే రకం పెన్నులు నాలుగు కనబడితే వాటిని సర్వీసులో ఒక గ్రూపుగా పెట్టు, ఒకటి గెలవగానే మిగతావి రద్దవుతాయి. కాకపోతే వాటి గడువుల మధ్య కొన్ని నిమిషాలైనా ఎడం ఉండాలి, లేకపోతే రెండు పెన్నులకి డబ్బు కట్టాలి.

గురువారం ముగిసే ఆ బర్గండీ రంగు పెన్నుకి ఎంత పెట్టాలో తపాలా ఖర్చు, కస్టమ్స్ కలుపుకుని ఈ రాత్రే తేల్చుకో. సర్వీసులో ఆ అంకె రాసి, గురువారం పేజీ తెరవకు. అమ్మేవాడు ఇండియాకి పంపుతాడో లేదో ముందే అడుగు. పంపనంటే మా ఇంటి అడ్రసు పెట్టు, డిసెంబర్లో మీ అత్తయ్య వస్తూ తెస్తుంది.

మీ మామయ్య